అమెరికా వలసరాజ్యముల తొలి శాసనపత్రములు

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని ప్రజాప్రభుత్వము 1776వ సంవత్సరమున స్వాతంత్ర్యప్రకటనముతోఁ బుట్టినదని సామాన్యముగాఁ జెప్పుదురు. చరిత్ర నింకను వెనుకకుఁ దఱచి చూచినవారు, అంతకు నూటయేఁబది యేండ్లకుఁ బూర్వమే యట్లాంటికు మహాసముద్రపుఁ బడమటి తీరమున నింగ్లీషువారు నెలకొల్పిన వలసలయందు వ్రాయఁబడిన కొన్ని పత్రములను జూపి, యా ప్రభుత్వపు వేళ్లు అచ్చటనే యున్నవందురు. ఈ రెండవ మతమునందుఁ గొంత సత్యము గలదు. కొంత యతిశయోక్తియుఁ గలదు. ఏది యెంతయో తేల్చుటకు, ఆ పత్రములను గొనియాడిన తరువాతివారి యుపన్యాసములను గాక, పత్రములలోని మాటలనే పట్టి చూడవలసియున్నది. వ్రాసినవారే పదము నే యర్థమునఁ బ్రయోగించిరో యెఱుఁగక దానినుండి సిద్ధాంతములు తీయుట, ప్రకరణ మెఱుఁగక పద్యమున కర్థము చెప్పుటవంటిది.

మొదటఁ జెప్పవలసినది పట్టాల సంగతి. ఈ వలసలలో ముఖ్యమైనవి కొన్ని రాజసేనలచేఁ గాక వర్తకసంఘములచే స్థాపింపఁబడినవి. 1600 సం. డిసెంబరు 31వ తేదీని ఎలిజబెత్తు రాణి తూర్పుఇండియా కంపెనీకిఁ బట్టా యొసఁగెను. ఆమె తరువాత రాజైన మొదటి జేమ్సు 1606 సం. ఏప్రిలు 10వ తేదీని వర్జీనియా కంపెనీకిఁ బట్టా యొసఁగెను. సర్ థామస్ స్మిత్ అను లండను వర్తకుఁడు మొదటి కంపెనీకిఁ బ్రథమాధ్యక్షుఁడు. రెండవదానికిఁ గోశాధికారి యను పేరఁ బ్రధానాధికారి. వర్జీనియా కంపెనీవారు 1607 సం. మే నెలలో జేమ్సుటౌను కట్టిరి. తూర్పుఇండియా కంపెనీవారు 1611 సం.న మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. ఒకే నగరమునుండి, ఇంచుమించుగా నొకే కాలమున, ఒకే వర్తకాగ్రణి పెత్తనమున బయలువెడలిన యీ రెండు సంఘములలో నొకదానివలన శాసనసభ పుట్టెను. రెండవదానివలనఁ గాలక్రమమునఁ బ్రజాసమ్మతి లేని దొరతనము పుట్టెను.

ఈ భేదమునకుఁ గారణము పట్టాలోనే కనఁబడుచున్నది. 1606 నాటి పట్టాయందు, వర్జీనియాకుఁ బోవు నింగ్లీషువారికిని అచ్చటఁ బుట్టఁబోవు వారి సంతానమునకును ఇంగ్లండులోఁ బుట్టినవారికిఁ గల స్వాతంత్ర్యములన్నియుఁ గలుగునని రాజు మాట యిచ్చియుండెను. తెలుఁగునాటఁ గంపెనీకి లోఁబడినవారి కట్టి వాగ్దాన మెన్నఁడును జేయఁబడలేదు. కావున సంఘరూప మొకటి యైనంతమాత్రమున ఫల మొకటి కానేరదు. పట్టా యెవరి నుద్దేశించి మాటాడెనో వారికే హక్కు సిద్ధించినది. ఈ సూక్ష్మమును మఱవకున్నచో దక్కిన పత్రముల తత్త్వము సులభముగా బోధపడఁగలదు.

వర్జీనియాలో మొదటి పదియేండ్లు కఠినపాలనము నడచెను. 1610 మొదలు సైనికనియమములవంటి శాసనములు జనులను బంధించియుండెను. ఆహారము దొంగిలినవానికి మరణము సైతము విధింపఁబడుచుండెను. క్రొత్తవారు వచ్చుట తగ్గి, లాభములు లేకపోఁగా, కంపెనీవారు 1618 సం. నవంబరులో నూతనాజ్ఞలు వ్రాసి జార్జి యార్డ్లీ యను గవర్నరుచేతికిచ్చి పంపిరి. వాని ననుసరించి 1619 సం. జూలై 30వ తేదీని జేమ్సుటౌనులోని చర్చియందు మొదటి ప్రతినిధిసభ కూడెను. 11 నివేశములనుండి యిద్దఱేసి చొప్పున 22 మంది ప్రతినిధులు వచ్చిరి. వీరికి బర్జెసులని పేరు. వారిలో నిద్దఱను బంపిన భూస్వామి, తనకుఁ బ్రత్యేకమైన పట్టా కలదనియు, సభ చేయు శాసనములకుఁ దాను లోఁబడననియు ననుటచే, నా యిద్దఱికి సభలో స్థానము దొరకలేదు. శాసనమునకు లోఁబడనివానికి శాసనము చేయు నధికారము లేదన్న న్యాయ మిట్లు మొదటి దినములలోనే స్థిరపడెను. ఎండ తీవ్రత కోర్వలేక యాఱుదినములకే సభ ముగిసెను. పొగాకు ధర, సోమరితనము, త్రాగుడు, చర్చికిఁ బోవుట, ఆదిమవాసులతోడి వ్యవహారము అనునవి వారు చర్చించిన విషయములు. ప్రజాప్రభుత్వ మనుమాట వారి నోట రాలేదు. అయినను 1624 సం. మార్చిలో నీ సభయే, తన యనుమతి లేక గవర్నరు పన్ను వేయరాదని శాసించెను. ఆ సంవత్సరముననే కంపెనీ రద్దయి దేశము రాజు చేతిలోనికిఁ బోయెను. సభ మాత్రము నిలిచెను.

ఇంతవఱకు స్తుతిపాఠకులు చెప్పుదురు. అదే 1619వ సంవత్సరమున, సభ ముగిసిన నెలదినములలోపలనే, అదే తీరమునఁ గల పాయింట్ కంఫర్ట్ అను రేవున నొక యోడ యిరువదిమందికిఁ బైఁగా ఆఫ్రికనులను దింపి, వారిని ఆహారపదార్థములకు మార్చుకొని పోయెను. 1662 సం.న వర్జీనియా సభయే, బిడ్డ స్వతంత్రుఁడగునో దాసుఁడగునో తల్లి స్థితినిబట్టి నిర్ణయింపవలయునని శాసించెను. ఇంగ్లండు ధర్మమున బిడ్డ తండ్రి ననుసరించును. దాస్యమును వంశపరంపరాగతము చేయుటకై యా ధర్మమును దలక్రిందు చేసినది నిరంకుశుఁడైన రాజు కాదు, ఎన్నుకొనఁబడిన ప్రతినిధులు. ప్రతినిధిసభ యుండుట యొకటి, న్యాయ ముండుట యొకటి యనుట కింతకంటె వేఱు నిదర్శనము వలదు.

రెండవది మేఫ్లవరు ఒడంబడిక. 1620 సం.న మేఫ్లవరను నోడలో 102 మంది ప్రయాణికులు బయలువెడలిరి. వారిలోఁ గొందఱు ఇంగ్లండు మతాధికారుల బాధ కోర్వలేక హాలండునకుఁ బోయి యుండినవారు. తక్కినవారు బ్రదుకుఁదెరువునకై కూడివచ్చినవారు. వారికి వర్జీనియా యుత్తరభాగమున నివసించుటకు ననుమతి యుండెను. గాలివాటున నోడ కేప్ కాడ్ అను చోటికిఁ జేరెను. అచ్చట నా యనుమతి చెల్లదు. కావున తమ్ము నాజ్ఞాపించు నధికార మెవరికిని లేదనియు, దిగినపిమ్మటఁ దమ యిచ్చ వచ్చినట్లు నడచుకొందుమనియుఁ గొందఱు పలుకఁజొచ్చిరి. ఆ చీలికను మాన్పుటకై 1620 సం. నవంబరు 11వ తేదీని (నేఁటి లెక్కను 21వ తేదీని) ఓడలోనే యొక చిన్న పత్రము వ్రాసి 41 మంది పురుషులు చేవ్రాళ్లు చేసిరి. స్త్రీలు చేవ్రాలు చేయలేదు. పత్రారంభమున వారు జేమ్సు రాజునకు విధేయులమని చెప్పుకొనిరి. తుద నా రాజు పరిపాలనసంవత్సరములనే లెక్కించిరి. నడుమ మాత్రము, తా మెల్లరు నొక రాజకీయసమాజముగా నేర్పడుచున్నామనియు, సమాజక్షేమమునకై న్యాయమును సమానమును నైన శాసనములు చేసికొని వానికి లోఁబడుదుమనియు వ్రాసికొనిరి.

ఇందలి మూలభావ మెక్కడిది? అది రాజనీతిగ్రంథములనుండి వచ్చినది గాదు. వీరి చర్చిపద్ధతిలో, విశ్వాసులు కొందఱు కూడి దేవుని యెదుట పరస్పరము ప్రమాణము చేసికొన్నచో నదియే యొక సంఘమగును; బిషప్పు నాజ్ఞతోఁ బని లేదు. ఆ ప్రమాణమునకు వా రుపయోగించు పదమునే తెలుఁగు బైబిలు భాషాంతరకర్తలు నిబంధన యని తెనిఁగించిరి. మతమునఁ బరిచితమైన యా నిబంధనను వీరు లౌకికవ్యవహారమునఁ బ్రయోగించిరి. రాజానుమతి లేనిచోట నధికార మెట్లు పుట్టు నను ప్రశ్నకు, లోఁబడువారి సమ్మతివలనఁ బుట్టునని వారు చేఁతతోఁ బ్రత్యుత్తర మిచ్చిరి. సిద్ధాంత మెఱిఁగి చేసిన పని కాదు. సంకటము తీర్చుకొనుటకుఁ జేసిన పని. మొదటి చలికాలముననే వారిలో నించుమించు సగము మంది మరణించిరి. 1621 సం. ఏప్రిలులో గవర్నరు జాన్ కార్వరు చనిపోఁగా, మిగిలినవారు విలియం బ్రాడ్ఫర్డు నెన్నుకొనిరి. ఒడంబడికకు నిజమైన పరీక్ష యదియే.

ఈ పత్రపు మూలప్రతి నేఁడు లేదు. 1622లో లండనున నచ్చయిన యొక గ్రంథమునను, బ్రాడ్ఫర్డు స్వహస్తముతో వ్రాసిన చరిత్రమునను దాని పాఠము నిలిచినది. చేవ్రాళ్లు చేసినవారి పేళ్లు 1669లో నథానియేల్ మోర్టను ప్రకటించిన గ్రంథమున మొదట నచ్చయినవి. బ్రాడ్ఫర్డు వ్రాఁతప్రతి విప్లవకాలమున బోస్టనునుండి మాయమై, పిమ్మట లండను బిషప్పుగారి ఫుల్హాం గ్రంథాలయమునఁ గనుఁగొనఁబడి, 1856లో నచ్చయి, 1897లో మసచూసెట్సునకుఁ దిరిగి చేరెను. ఒడంబడికకు నేఁడు ప్రసిద్ధమైన పేరు సైతము పదునెనిమిదవ శతాబ్దాంతమునఁ గాని పుట్టలేదు. 1802లో జాన్ క్విన్సీ ఆడమ్సు ప్లిమతున నుపన్యసించుచు, తత్త్వవేత్తలు చెప్పు సామాజికసమయమునకుఁ జరిత్రలో నిదియే యుదాహరణమని ప్రశంసించెను. అనఁగా, 1620లోఁ జేసిన పనికి మహార్థము కల్పించినవారు మనుమల మనుమలు. ఇందువలనఁ బత్రపు విలువ తగ్గదు. కాని పత్రమునకును దాని కీర్తికిని నడుమఁ గల దూరమును జదువరి గుర్తింపవలయును.

మూఁడవది మసచూసెట్సు వృత్తాంతము. ఇందొక పదమే చరిత్రను నడపినది. 1629 సం. మార్చి 4వ తేదీని మొదటి ఛార్లెసు రాజు మసచూసెట్సుబే కంపెనీకిఁ బట్టా యొసఁగెను. అందు సంఘసభ్యులకు ఫ్రీమన్ అను పేరు గలదు. యోగార్థముచే నది స్వతంత్రపురుషుఁడని యర్థమిచ్చును. ఆ పట్టాలోని రూఢ్యర్థము మాత్రము కంపెనీలో భాగస్తుఁడనియే. కంపెనీసభ యెచ్చటఁ గూడవలయునో పట్టాలో లేదు. ఆ లోపమే ద్వారముగాఁ జేసికొని, జాన్ విన్త్రాపు మొదలగువారు పట్టాను దమతోఁ గొని 1630లో సముద్రము దాఁటిరి. దానితో వర్తకసంఘపు సభ దేశపు శాసనసభ యయ్యెను; భాగస్తుఁడు పౌరుఁ డయ్యెను. 1631లో నా పేరు చర్చిసభ్యులకే చెల్లునని నియమించిరి. ఇట్లు పదము రెండేండ్లలో రెండుమాఱు లర్థము మార్చుకొనెను.

విన్త్రాపు ప్రజాప్రభుత్వమును మెచ్చినవాఁడు గాఁడు. ప్రభుత్వరూపములలో నది యధమమని యాతఁడు వ్రాసియున్నాఁడు. జాన్ కాటను అను మతాచార్యుఁడును, చర్చికిఁ గాని రాజ్యమునకుఁ గాని దేవుఁడు దానిని దగినదిగా నియమించెనని తాను దలఁపనని 1636లో నొక జాబు వ్రాసెను. అయినను 1632లో వాటర్‌టౌను నివాసులు, తమ సమ్మతి లేక వేసిన పన్ను కట్టుట తమకును దమ సంతతికిని దాస్యహేతువగునని శంకించి యాక్షేపించిరి. 1634లో నూళ్ల ప్రతినిధులు విన్త్రాపుకడకుఁ బోయి పట్టాను జూపుమని యడిగిరి. చూడఁగా, శాసనములు చేయు నధికారము ఫ్రీమన్ అనఁబడువా రెల్లరును గూడిన సభకే కలదని యందుండెను. ఆ యేటినుండి యూళ్ల ప్రతినిధులు సభలోఁ గూర్చుండిరి. ఆ యెన్నికలో విన్త్రాపు గవర్నరుపదవి పోయెను. ఆయుధ మెత్తలేదు, కొంపలు కాల్పలేదు. పత్రమును జదివిరి, అంతే. ప్రజాప్రభుత్వమును గోరనివారి చేతిలోని పత్రమే ప్రజలకు మార్గము చూపినది.

నాలుగవది కనెక్టికటు మూలనియమములు. హార్ట్‌ఫర్డు, విన్జరు, వెదర్స్‌ఫీల్డు అను మూఁడూళ్లవారు 1639 సం. జనవరి 14వ తేదీని వీని నంగీకరించిరి. పత్రముపై 1638 అని యుండుటచేఁ గొందఱు పొరఁబడుదురు. ఆ కాలపు టింగ్లీషువారి సంవత్సరము మార్చి 25వ తేదీని మొదలగుచుండెను. చైత్రమున సంవత్సరాది చేసికొను తెలుఁగువారికిఁ బుష్యమాసము పాతయేఁటిలోఁ జేరుట వింత గాదు. ఇందు 11 నియమములు గలవు. రాజు పే రెక్కడను లేదు. గవర్నరు రెండేండ్ల కొకమాఱుకంటె నెక్కుడుగాఁ బదవి వహింపరాదు. అధికారులు సభను బిలువకున్నచో జనులే పిలుచుకొనవచ్చును. ఓటు వేయుటకుఁ జర్చిసభ్యత్వ మక్కఱలేదు; గవర్నరునకు మాత్రమది కావలయును. ఈ నియమములను గూర్చుటలో ముఖ్యుఁడు రోజరు లడ్లో యని తలఁతురు. అంతకుముందు 1638 మే 31వ తేదీని థామస్ హూకరు అను మతాచార్యుఁడు, అధికారమునకుఁ బునాది జనుల స్వేచ్ఛాసమ్మతియే యని యుపదేశించెను. ఆ యుపదేశము గ్రంథరూపమున లేదు. హెన్రీ వోల్కటు అను శ్రోత సంక్షిప్తలిపిలో వ్రాసికొన్న టిప్పణము రెండువందల యేండ్లు చదువఁబడక యుండి, పందొమ్మిదవ శతాబ్దమున ట్రంబులు పండితునిచే విడఁదీయఁబడెను. ఒక శ్రోత శ్రద్ధయు నొక పండితుని యోర్పును లేకున్నచో నంతటి వాక్యము లుప్తమై యుండెడిదే.

అయిదవది 1641లో మసచూసెట్సు సభ యంగీకరించిన స్వాతంత్ర్యసంహిత. దీనిని గూర్చినవాఁడు న్యాయవాదియై పిమ్మట మతాచార్యుఁడైన నథానియేల్ వార్డు. ఇదియుఁ జిరకాలము మఱుఁగుపడి, వ్రాఁతప్రతి దొరకఁగా 1843లోఁ గాని యచ్చుకాలేదు. శాసనము లేనిదే యెవని ప్రాణమును, మానమును, ఆస్తియుఁ దీసికొనరాదనియు, ఒక నేరమునకు రెండుమాఱులు దండింపరాదనియు, భర్త భార్యను గొట్టరాదనియు, పశువులను హింసింపరాదనియు నిందుఁ గలదు. ఒకే నేరమునకు రెండు విచారణలు కూడవన్న నియమము 1791 నాటి హక్కులసవరణలలోఁ గూడఁ గనఁబడును.

అయితే 91వ నియమమును జదువవలయును. దాస్యము కూడదని దాని మొదటి వాక్యభాగము. ధర్మయుద్ధమునఁ బట్టుపడినవారును, తమ్ముఁ దామే యమ్ముకొన్న పరదేశీయులును, లేక తమ కమ్మఁబడినవారును దక్క నని తరువాతి భాగము. వ్యాకరణమున సామాన్యవిధికంటె విశేషవిధి బలవత్తరము. అపవాదము తన విషయమున నుత్సర్గమును బాధించును. ఇచ్చట నపవాదముల విషయ మెంత విశాలమనఁగా, ఆనాఁడు దాసులు కాఁగలవారందఱు నందే యిమిడిరి. ఇవి యూహామాత్రములు గావు. 1637లోఁ బీకటు జాతితో జరిగిన యుద్ధమునఁ బట్టుపడినవారిలోఁ గొందఱను డిజైరను నోడలో వెస్టిండీసుదీవులకుఁ బంపి యమ్మిరి. 1638లో నా యోడయే యాఫ్రికనులను గొనివచ్చెను. తరువాత 1670లోఁ బరదేశీయు లను పదమును శాసనమునుండి తీసివేసిరి. పరదేశి యను పద మున్నంతవఱకు నాదేశముననే పుట్టిన దాసుల బిడ్డలను దాసు లనుట కడ్డు గలదు. ఒక్క పదము లోపించుటచే నా యడ్డు తొలఁగెను. పదలోపమువలన నర్థభేద మేర్పడుట వైయాకరణులకుఁ దెలిసినదే. ఇచ్చట మాత్ర మర్థభేదము మనుష్యుల బ్రదుకుల భేదమైనది.

మతవిషయమునఁ గూడ నిట్టిదే భేదము. మేరీలాండు 1649లో మతసహనశాసనము చేసెను గాని, క్రైస్తవత్రిత్వమును గాదన్నవానికి నందే మరణము విధించెను. మసచూసెట్సునుండి వెడలఁగొట్టఁబడిన రోజరు విలియమ్సు 1636లో స్థాపించిన ప్రావిడెన్సులో మాత్రము, లౌకికవిషయములందే సంఘాజ్ఞకు లోఁబడుదు మని జనులు వ్రాసికొనిరి. ఆ రోడ్‌ఐలండు ప్రాంతమున 1641లోఁ దమ ప్రభుత్వము ప్రజాప్రభుత్వమని యా మాటతోడనే చెప్పికొన్న పత్రము గలదు. 1663లో రెండవ ఛార్లెసు రాజు వారి మతస్వాతంత్ర్యమును బట్టాలోఁ జేర్చెను. ఆనాఁటి కది యన్నిటిలో నుదారమైన పట్టా. కాని దానినే పట్టుకొని వ్రేలాడుటచే, 1840 ప్రాంతమున భూమి లేనివారికి నచ్చట నోటు లేకపోయెను. థామస్ డారు అనువాఁడు నాయకుఁడుగాఁ గలహము పుట్టి, 1843లోఁ గాని యా పట్టా మాఱలేదు. ఒక తరమునకు ద్వారమైన పత్రము వేఱొక తరమునకుఁ దలుపైనది.

ఇంక సిద్ధాంతము. ఈ పత్రములను వ్రాసినవారిలోఁ బలువురు ప్రజాప్రభుత్వమును గోరలేదు. కొందఱు దానిని నిందించిరి. కావున నేఁటి ప్రజాప్రభుత్వము వీనిలో సిద్ధరూపమున నుండెననుట పొసఁగదు. అయినను వీనివలన నాలుగలవాట్లు స్థిరపడినవి. పాలననియమములు వ్రాఁతలో నుండవలయును. అధికారి గడువుగలవాఁడై యెన్నుకొనఁబడవలయును. సమ్మతి లేనిదే పన్ను కూడదు. వ్రాసిన మాట వ్రాసినవానిని సైతము బంధించును. నూటయేఁబదియేండ్లు వాడుకలో నుండుటచే నివి స్వభావమైనవి. దీనికి దృష్టాంతము 1776లోఁ గలదు. రాజుతోడి సంబంధము తెగినపుడు కనెక్టికటు, రోడ్‌ఐలండు రాష్ట్రములు క్రొత్తగా రాజ్యాంగము వ్రాసికొనలేదు. రాజునకుఁ జెందిన మాటలు తీసివేసి, పాత పట్టాలతోడనే పాలనము సాగించిరి. మొదటిది 1818 దాఁకను, రెండవది 1843 దాఁకను నట్లే నడచెను. తల తీసివేసినను దేహము నడచినదనఁగా, ప్రాణము తలలో లేదని తేలుచున్నది.

ఆ వేళ్లతోడనే వర్జనమును నాటుకొన్నది. ఆదిమవాసులు, ఆఫ్రికనులు, స్త్రీలు, భూమి లేనివారు ఆ పత్రములలోని జనులలోఁ జేరలేదు. 1865 సవరణమువలన దాస్యమును, 1870 సవరణమువలన వర్ణమునుబట్టి యోటు నిరాకరించుటయు, 1920 సవరణమువలన స్త్రీలకు నోటు నిరాకరించుటయు నిషేధింపఁబడినవి. 1924 శాసనముచే నాదిమవాసులందఱికిఁ బౌరసత్వము కలిగెను. 1870 నాటి మాట పెక్కుచోట్లఁ జేఁతలోనికి వచ్చుటకు 1965 నాటి యోటుహక్కుల శాసనము కావలసెను. ఉత్సర్గమును మార్చకయే యపవాదముల నొక్కొక్కటిగాఁ దొలఁగించుటయే యా దేశచరిత్రలోఁ బెద్దభాగము.

పాఠశాలలయం దీ విషయమును జెప్పు పండితులు, పత్రము గొప్పదని గాని కపటమని గాని ముందుగా నిర్ణయింపక, ప్రతిపత్రమునందును మూఁడు సంగతులు విద్యార్థులచే వెదకింపవలయును: చేవ్రాలు చేసినవారెవరు, దానిచే బంధింపఁబడినవారెవరు, ఈ రెండు గణములకు నడుమ నంతర మెంత. ఆ యంతరము తగ్గిన కొలఁది పత్రము ప్రజలదగును. 1634లో మసచూసెట్సు ప్రతినిధులు చేసినదియు నిదియే. వారు పట్టాను బొగడలేదు, తెగడలేదు. చూపుమని యడిగి, చదివిరి.